ఆగని అరనిమిషం

మార్చి 3, మంగళవారం

బొమ్మ వేసేవాడు ఈరోజు కూడా వచ్చాడు. కిటికీ పక్క కుర్చీలో మూడు గంటలు కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకి, ఇంకాస్త పైకి అంటూ ప్రాణం తీశాడు. పదకొండేళ్ళు సభాపతి కుర్చీలో కూర్చున్నవాడికి ఇప్పుడు కూర్చోవడం నేర్పుతున్నాడు.

“కళ్ళు మరీ కోపంగా ఉన్నాయి సార్. కొంచెం మెత్తగా చూడండి.”

“నా కళ్ళు ఇంతేనయ్యా. మెత్తగా కావాలంటే నువ్వే వేసుకో.”

“వేస్తాను సార్. అందుకే కదా నన్ను పిలిచింది.”

పొగరుబోతు. కానీ పనివాడు. ఇరవయ్యో తారీఖున ఈ బొమ్మను సభా భవనం పెద్ద హాల్లో పెడతారు. మా ఆవిడ టీ తెచ్చి, బొమ్మకేసి చూసి, “గోడకెక్కడానికి అంత తొందరేమిటండీ? కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉన్నాయి కదా” అంది. బొమ్మవాడు నవ్వాపుకోలేక కుంచె కింద పడేశాడు.

తర్వాత వాడే అడిగాడు. “మిమ్మల్ని అరనిమిషం సభాపతి అంటారట కదా. పొట్టిగా ఉంటారనా?”

ఓపిగ్గా చెప్పాను. చర్చ అయ్యాక సభాపతి అడుగుతాడు. బిల్లు కావాలనేవాళ్ళు అవును అని అరుస్తారు, వద్దనేవాళ్ళు కాదు అని అరుస్తారు. ఏ అరుపు పెద్దదో చెవితో తేల్చి, ‘అవుననేవారే ఎక్కువని నాకు తోస్తోంది’ అంటాడు. అక్కడ ఆగాలి. ఆ ఆగిన కాసేపట్లో ఏ ఒక్కడు లేచి ‘లెక్కపెట్టండి’ అన్నా, తలుపులు మూయించి ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెట్టాలి. ఎవరూ లేవకపోతే ‘అవుననేవారే ఎక్కువ’ అని రెండోసారి అంటాడు. అంతటితో అది చట్టం. నా ముందువాళ్ళు ఒక గుటక మింగేంతసేపు ఆగేవారు. నేను మనసులో ముప్పై లెక్కపెట్టేవాణ్ణి. పత్రికలవాళ్ళు మొదట వెక్కిరించారు, తర్వాత పొగిడారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే బిరుదైంది.

“అంటే ఏమీ చేయకుండా కూర్చున్నందుకు పేరొచ్చిందన్నమాట” అన్నాడు.

“ప్రభుత్వంలో అన్నిటికంటే కష్టమైన పని అదేనయ్యా” అన్నాను. ఆ మాట నాకే నచ్చింది. అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం పోస్టులో లాయరమ్మ నోటీసు వచ్చింది. జైల్లో ఉన్న మేనల్లుడి తరఫున. ప్రజాశాంతి చట్టం సభలో సరిగ్గా పాసు కాలేదట. ఆ రోజు నేను రెండు మాటల మధ్యా ఆగలేదట. లెక్కపెట్టమని అడగడానికి లేచినవాళ్ళు నోరు తెరిచేలోపే ముగించేశానట. అవునో కాదో ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. విచారణ ఇరవై నాలుగున.

ఆ రోజు సభలో చాలా గొడవగా ఉంది. ఆగే ఉంటాను.

మార్చి 4, బుధవారం

అక్కయ్య జైలు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి, రెండు బస్సులు మారి. ములాఖత్ బుధవారాలే. అయిదు నెలల్లో ఒక్క బుధవారం మానలేదు.

“చిక్కిపోయాడురా.”

“ఏమైనా కావాలన్నాడా?”

“పరీక్ష పేపర్లు కావాలట. దిద్దడానికి.”

వాడు అంతే. బావ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అక్కయ్యనూ వాణ్ణీ మా ఇంటికి తెచ్చుకున్నాను. అక్షరాలు నేనే దిద్దించాను. పెరిగి పెద్దై పౌరశాస్త్రం మాస్టారయ్యాడు. రోడ్డు వెడల్పు చేయడానికి ఏయే ఇళ్ళు కూలుస్తారో ఆ జాబితా చూపించమని పురపాలక ఆఫీసులో అడిగాడు. చూపించలేదు. ఎలాగో సంపాదించి, మూడు వందల పన్నెండు ఇంటి నంబర్లూ కాగితాల మీద రాసి ఆ వీధి గోడలకు అంటించాడు. దానికి ప్రజాశాంతి చట్టం. ఏడాది దాకా విచారణ లేదు, కారణం చెప్పక్కర్లేదు.

“నోటీసు వచ్చిందా?” అంది అక్కయ్య.

“వచ్చింది.”

“ఏం రాస్తావు?”

“చూడాలక్కా. అంత గొడవలో ఎవరికి గుర్తుంటుంది?”

“నాకు గుర్తుంది. రేడియో దగ్గర కూర్చుని విన్నాను. నీకు ముప్పై లెక్కపెట్టడం నేర్పింది నేనురా. నీకు చిన్నప్పుడు ముక్కు మీద కోపం. కోపమొచ్చినప్పుడల్లా లెక్కపెట్టించేదాన్ని. సభలో నువ్వు ఆగినప్పుడల్లా ఇక్కడ నేనూ లెక్కపెట్టేదాన్ని. ఆ రోజు ఒకటి అనేలోపే నువ్వు రెండోసారి అనేశావు.”

“రేడియోవాళ్ళు మధ్యమధ్యలో కోస్తారక్కా.”

“కోస్తారా” అంది. టీ సగంలో వదిలేసి లేచింది.

మార్చి 6, శుక్రవారం

ఆ రోజు నాకు జలుబు. ఇప్పుడు గుర్తొచ్చింది. జలుబు చేసినవాడు ఎక్కువసేపు ఆగలేడు.

మార్చి 8, ఆదివారం

సభ కార్యదర్శి వచ్చాడు. ఒకప్పుడు నా గది బయట ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డవాడే. ఇప్పుడూ కూర్చోమంటేనే కూర్చున్నాడు. అఫిడవిట్ టైపు చేయించి తెచ్చాడు. సంతకం ఒక్కటే ఖాళీ.

“రికార్డులో ఏముంది?” అని అడిగాను.

“రికార్డులో మాటలే ఉంటాయి కదా సార్. మాటలకు మధ్య ఎంతసేపు ఆగారో ఉండదు. మీరు ఆగారో లేదో మీరొక్కరే చెప్పగలరు. కోర్టు కూడా అదే అంది. సభాపతి మాటే ఆఖరు మాట అంది.”

“టేపులు?”

“మూడేళ్ళు దాటితే చెరిపేస్తాం సార్. అల్మారాల్లో చోటు చాలడం లేదని ఆ ఆర్డరు మీరే వేశారు.”

నేనే వేశాను. నిజమే.

చట్టం పడిపోతే దానికింద లోపలున్న వాళ్ళంతా బయటికొస్తారని, అందులో మంచివాళ్ళుంటారు, కానివాళ్ళూ ఉంటారని నీళ్ళు నమిలాడు. ఎంతమంది ఉన్నారని అడిగాను. ఇబ్బందిగా నవ్వాడు.

“ఎంతమందో, ఎవరెవరో బయటికి చెప్పకూడదు కదా సార్. తొమ్మిదో సెక్షన్.”

నేను పాసు చేయించిన చట్టంలో ఏముందో నాకు గుమస్తా చెప్పాల్సి వచ్చింది.

వెళ్తూ వెళ్తూ, “అధినేత గారు మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు సార్. ఇరవయ్యో తారీఖున బొమ్మ ఆయన చేతుల మీదుగానే” అన్నాడు. బెదిరించలేదు. ఒక్క మాట తేడాగా అనలేదు. చాలా మర్యాదస్తుడు.

మార్చి 9, సోమవారం

ఎనిమిదో తరగతి పుస్తకం తీసి చూశాను. ‘పౌరుని స్వేచ్ఛ, పౌరుని బాధ్యత’ నేను రాసిన పాఠమే. ముప్పై ఏళ్ళుగా పిల్లలు బట్టీ పడుతున్నారు. స్వేచ్ఛ అనగానేమి, అయిదు మార్కులు. ‘స్వేచ్ఛ అంటే ఇష్టం వచ్చినట్టు చేయడం కాదు, ఇతరుల హక్కులకు భంగం కలగకుండా నడుచుకోవడం.’ ఎంత చక్కగా ఉంది! ఈ ఒక్క వాక్యం చేతిలో ఉంటే ఎవణ్ణైనా లోపల వేయొచ్చు. ఇతరుల హక్కు అంటే ఏమిటో, భంగం అంటే ఏమిటో తేల్చేవాడి దగ్గరే తాళం ఉంటుంది. ఆ ముక్క పాఠంలో రాయలేదు.

ప్రభుత్వం చెడ్డవాళ్ళతో నడుస్తుందనుకుంటారు జనం. నలభై ఏళ్ళు లోపల ఉండి చూశాను, చెడ్డవాణ్ణి చూసిన గుర్తు లేదు. ఒకడు కాగితం టైపు చేస్తాడు. ఒకడు దాన్ని పై గదికి తీసుకెళ్తాడు. ఒకడు సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాడు. అందరూ ఇంటికెళ్ళి పిల్లలతో ఆడుకునేవాళ్ళే. చివర్లో ఎక్కడో ఒక తలుపు పడుతుంది. దాన్ని వేసింది ఎవరని అడిగితే అందరూ నిజాయితీగానే పక్కవాడి వైపు చూస్తారు.

అయితే ఆ ఏడాది పరిస్థితి కూడా చూడాలి. దుకాణాలు తగలబడ్డాయి. ఇద్దరు చచ్చిపోయారు. గట్టి చట్టం ఒకటి కావాలని అడగనివాడు లేడు. బాధ్యత లేని స్వేచ్ఛ ఎంతో కాలం నిలవదు.

చివరి వాక్యం అచ్చం పాఠంలో వాక్యంలాగే వచ్చింది. మళ్ళీ చదివితే ఒళ్ళు మండింది.

మార్చి 11, బుధవారం

అక్కయ్యతో జైలుకు వెళ్ళాను. అయిదు నెలల్లో ఇది మొదటిసారి. ఒంట్లో బాగుండక ఇన్నాళ్ళూ కుదరలేదు.

మామూలుగా అయితే ఇనుప వలకు అటు వాళ్ళు, ఇటు వీళ్ళు, మధ్యలో మూరెడు ఖాళీ. నన్ను చూడగానే సూపరింటెండెంట్ లేచి తన గదిలోకి తీసుకెళ్ళాడు. కుర్చీలు వేయించాడు. వాణ్ణి అక్కడికే పిలిపించాడు. అక్కయ్య వాడి చేయి పట్టుకుని వదల్లేదు. అయిదు నెలల తర్వాత కొడుకును ముట్టుకుంది. నేను మొదటి వారమే వచ్చి ఉంటే మొదటి వారమే ముట్టుకునేది.

వాడు నవ్వుతూనే ఉన్నాడు. బరువు తగ్గాడు, కళ్ళద్దాల ఒక కాడకు దారం కట్టుకున్నాడు.

“మామయ్యా, లాయరమ్మ ఏదేదో అంటోంది. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. మీరు ఆగకపోవడమేమిటి? ప్రతి ఏడూ క్లాసులో మీ అరనిమిషం గురించే చెప్తాను. పిల్లలందరితో కళ్ళు మూయించి ముప్పై లెక్కపెట్టిస్తాను. ఇంతసేపు ఒక మనిషి మీకోసం ఆగాడురా, లేచి కాదనే హక్కు మీకుందని చెప్పడానికి ఆగాడు అంటాను. ఒక్కొక్కడు మధ్యలోనే కళ్ళు తెరిచేస్తాడు. అంత పొడుగ్గా ఉంటుంది.”

వాడి కళ్ళద్దాల దారం కేసి చూశాను.

“ఏది నిజమో అదే రాయండి మామయ్యా. నాకోసం అబద్ధం మాత్రం రాయకండి. అలా బయటికొస్తే ఆ పిల్లల మొహం ఎలా చూస్తాను?”

అక్కయ్య గోడ మీద క్యాలెండరు చూస్తోంది. “సరేరా” అన్నాను.

మార్చి 12, గురువారం

వాడే అన్నాడు. తనకోసం అబద్ధం రాయొద్దని వాడి నోటితో వాడే అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

మార్చి 14, శనివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాయడమంటే మరీ సిగ్గుమాలినతనం. రాసేస్తాను.

జలుబు లేదు. గొడవ ఉంది కానీ వినపడనంత లేదు. సభ మొదలయ్యే ముందు అధినేత నా గదికి వచ్చాడు. అప్పుడు ఆయనకు ఈ బిల్లు చావుబతుకుల సమస్య. మనవాళ్ళలోనే పాతికమంది దాకా లోలోపల వద్దనుకుంటున్నారని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. గుంపులో అరవమంటే అవును అని అరుస్తారు. పేరుపేరునా పిలిచి లెక్కపెడితే మొహం చెల్లక కాదంటారు. లెక్కపెడితే బిల్లు పోతుంది.

ఆయన ఆ మాట ఎత్తనే లేదు. నా భుజం మీద చేయి వేసి, “మీకు ఈమధ్య బాగా అలసట కదా. ఇవాళ తొందరగా ముగించి విశ్రాంతి తీసుకోండి” అన్నాడు. అంతే.

ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే, ఒత్తిడి ఉందని చెప్పుకోవచ్చని ఒక మూల ధైర్యం ఉండేది. ఒత్తిడి లేదు. నన్నెవరూ అడగలేదు. పదవి ఇస్తామనలేదు, తీసేస్తామనలేదు. ఆయన చేయి భుజం మీద ఉంటే బాగుంది. ఆ చేయి మళ్ళీ మళ్ళీ ఉండాలనిపించింది. దానికోసం రెండు వాక్యాలనూ ఒక్క ఊపిరిలో అనేశాను. ఎదుటి బల్లల దగ్గర లేస్తున్న మనుషులు కనిపించారు. ఒకాయన సగం లేచి, చేయి గాల్లో ఉండగానే, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఇది సోమవారం లాయరమ్మకు రాసి పంపిస్తాను.

మార్చి 16, సోమవారం

సంతకం పెట్టాను. కార్యదర్శి తెచ్చిన దాని మీద.

మార్చి 18, బుధవారం

మా ఆవిడ నా బల్ల మీద అఫిడవిట్ నకలు చదివింది. కళ్ళజోడు తీసి మడిచింది.

“ముప్పై లెక్కపెట్టేదాకా ఆగానని రాశారు. కనీసం ఇరవై అని రాయాల్సింది. నమ్మేలా ఉండేది.”

“చట్టం పడిపోతే దేశం ఏమవుతుందో నీకు తెలుసా?”

“తెలీదు. మీ అక్కయ్య ఏమవుతుందో తెలుసు.”

అప్పటినుంచి అన్నం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది. నాతో కూర్చోవడం లేదు.

ఈ వారం అక్కయ్య జైలు నుంచి ఇటు రాలేదు. నేరుగా ఇంటికెళ్ళింది.

మార్చి 20, శుక్రవారం

బొమ్మ బాగుందన్నారు. కళ్ళు చాలా మెత్తగా వచ్చాయి. ఎవరో దయగల మనిషి.

అధినేత మాట్లాడాడు. అరనిమిషం గురించి పావుగంట మాట్లాడాడు. ప్రజాస్వామ్యమంటే ఎదుటివాడికోసం ఆగడమే అన్నాడు. చివర్లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. “మన సభాపతి గారి గౌరవార్థం మనమందరం అరనిమిషం మౌనంగా నిలబడదాం” అన్నాడు. హాలంతా లేచి తల వంచుకుంది. పోయినవాళ్ళకు చేసే పని బతికున్నవాడికి చేస్తున్నారని ఒక్కడికీ తట్టలేదు. నేనూ లేచి నిలబడ్డాను, ఏం చేస్తాను? అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర అధినేత కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

బొమ్మవాడు దగ్గరికొచ్చి, “ఎలా ఉంది సార్?” అని అడిగాడు.

“నేను కాదు” అన్నాను. పొగిడాననుకుని సంతోషపడ్డాడు.

మార్చి 23, సోమవారం

రేపు విచారణ. కోర్టులో ఉన్న నా కాగితం ఇంకా వెనక్కి తీసుకోవచ్చు. సాయంత్రం అయిదు దాకా ఆఫీసు ఉంటుంది.

అయిదూ ఇరవై.

మార్చి 25, బుధవారం

అక్కయ్య వచ్చింది. సంచిలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు.

మేనల్లుడి ఉత్తరం. అక్షరాలు నేను దిద్దించినవే, గుండ్రంగా ఉన్నాయి.

‘మామయ్యకు నమస్కారాలు. మీ అఫిడవిట్ చదివాను. మనసు కుదుటపడింది. లాయరమ్మ మాట విని ఒక్క క్షణమైనా మిమ్మల్ని అనుమానించినందుకు క్షమించండి. మీరు ఆగానంటే ఆగే ఉంటారు. చట్టం చెడ్డదే కావచ్చు, కానీ పద్ధతిగా వచ్చిన చట్టాన్ని పద్ధతిగానే మార్చాలని పిల్లలకు చెప్పేవాణ్ణి. అందుకని పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నానని నిన్న కోర్టుకు రాసిచ్చాను. అమ్మను చూసుకోండి.’

రెండుసార్లు చదివాను.

“గడువు కాకముందే ఇంకో ఏడాది పొడిగించారు” అంది అక్కయ్య. “ఇవాళే కాగితం చూపించారు.”

“వాడికి నువ్వు చెప్పలేదా? రేడియో సంగతి?”

“ఏం చెప్పమంటావు? మీ మామయ్య అబద్ధాలకోరని చెప్పనా? లోపల వాడికి నువ్వొక్కడివే మిగిలావురా. మా మామయ్య అలాంటివాడు అని పక్క గదివాళ్ళకు చెప్పుకుంటున్నాడట. అది కూడా లాగేస్తే ఏం పట్టుకుని బతుకుతాడు?”

నేను లేచి కుర్చీ జరిపాను. అక్కర్లేదన్నట్టు చేయి ఊపింది.

“ఇక నువ్వు నాకు తమ్ముడివి కావని చెప్పిపోదామని వచ్చాను. నోరు రావడం లేదు” అంది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మార్చి 26, గురువారం

లాయరమ్మ ఆఫీసు సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద గది. మెట్లు నిటారుగా ఉన్నాయి. రెండుసార్లు ఆగి ఎక్కాను. మనవరాలి వయసు పిల్ల. నన్ను చూసి లేవలేదు. బాగనిపించింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. భుజం మీద చేయితో సహా. ఆమె రాసుకుంది. చదివి వినిపించింది. సంతకం పెట్టాను.

“తప్పుడు ప్రమాణం చేసినందుకు మీ మీద కేసు అవుతుంది. తెలుసు కదా?”

“తెలుసు. కోర్టులో వేయి.”

“ఎవరి పేరు మీద వేయనండీ? మీ మేనల్లుడు తనంతట తాను వెనక్కి తీసుకున్నాడు. అదే కారణంతో మళ్ళీ వేయడానికి వీల్లేదు. ఈ చట్టం కింద లోపలున్న ఇంకో మనిషి కావాలి. ఉన్నారు, ఎవరో తెలీదు. తెలిసిన నలుగురూ భయపడి సంతకం పెట్టడం లేదు.” కలం మూత పెట్టింది. “పది రోజుల ముందు ఇవే మెట్లు ఎక్కి ఉంటే సరిపోయేది.”

“నన్ను లోపల వేస్తే?”

అప్పుడు మొదటిసారి నవ్వింది. “మిమ్మల్నా? ఎవరు వేస్తారండీ?”

నా కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. మనిషి దొరికితే తీస్తానంది.

మార్చి 28, శనివారం

జరిగింది వరసగా రాయాలి.

నిన్నంతా కూర్చుని, లాయరమ్మ నోటీసుకు జతచేసిన జాబితా చూసి మూడు వందల పన్నెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాశాను. పన్నెండు కాగితాలయ్యాయి. పొద్దున్నే మా ఆవిడ ఏమీ అడక్కుండా పిండి ఉడకబెట్టి జిగురు చేసి, చిన్న బకెట్లో పోసి, పాత కుంచె ఒకటి పడేసి గుమ్మంలో పెట్టింది. పది రోజుల తర్వాత నా మొహం చూసి మాట్లాడింది. “టోపీ పెట్టుకోండి, ఎండగా ఉంది” అంది.

పది గంటలకు ఆ వీధికి వెళ్ళాను. మేనల్లుడు అంటించిన గోడలే. చింపిన కాగితాల ముక్కలు ఇంకా ఉన్నాయి. ఎవరైనా చూడాలని నడి వీధిలో మొదలుపెట్టాను. నాలుగు అంటించేసరికి భుజం పట్టేసింది. అయిదోది వంకరగా వేలాడుతోంది.

ఎదురింటి గుమ్మంలో బల్ల వేసుకుని ఒకామె బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కాసేపు చూసింది. పెట్టె పక్కన పెట్టి వచ్చింది.

“పైదాకా అందడం లేదు కదా తాతగారూ, ఇటివ్వండి.”

కుంచె తీసుకుని చకచకా పూసింది. ఆమె అంటిస్తుంటే నేను కాగితాలు అందించాను. ఇస్త్రీ చేసే చేయి కదా, ఒక్క ముడత రాలేదు. ఏమిటివి అని అడిగితే చెప్పాను.

“ఇందులో మా నంబరుందా? రెండు వందల పద్నాలుగు.”

వెతికాను. “ఉందమ్మా.”

ఆ కాగితాన్ని అరచేత్తో ఇంకోసారి గట్టిగా అదిమింది.

జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి నాకు సెల్యూట్ కొట్టాడు.

“సార్! ఈ ఎండలో మీకెందుకు సార్ ఈ శ్రమ?”

“ఇవన్నీ నేనే అంటించాను. నా దస్తూరీ. నన్ను తీసుకెళ్ళు.”

“మీరు భలే సరదా మనిషి సార్.”

నా చేతులకు జిగురు ఉంది. ఆమె చేతులకూ ఉంది. ఇన్‌స్పెక్టర్ తన జేబురుమాలు తీసి నా వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు. ఆమెను ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు చెరో రెక్క పట్టుకుని వెనక వ్యాను ఎక్కించారు. అరిచాను. నేనే చేశాను, ఆవిడకేమీ తెలియదని గొంతు పోయేలా అరిచాను. “బీపీ పెరుగుతుంది సార్” అంటూ నడుం పట్టుకుని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఇంటి దగ్గర దింపి మళ్ళీ సెల్యూట్ కొట్టాడు.

నలభై ఏళ్ళు స్వేచ్ఛ గురించి మాట్లాడాను. నాది ఎలాంటిదో ఈరోజు తెలిసింది. నేనేం చేసినా నన్నెవరూ ముట్టుకోరు. నా పక్కన నిలబడ్డవాళ్ళను తీసుకెళ్తారు.

మార్చి 29, ఆదివారం

లాయరమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

“అయితే మనిషి దొరికిందన్నమాట. దారుణంగానే దొరికింది, కానీ దొరికింది. పేరు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను.”

నేను అడగలేదు. మిగతా కాగితాలన్నీ అందించాను, ఆమె అంటించింది. పేరు అడగలేదు.

స్టేషన్‌కు ఫోన్ చేస్తే, తొమ్మిదో సెక్షన్ సార్, చెప్పకూడదు అన్నారు. కార్యదర్శే ఎదురు ఫోన్ చేసి, “మీ పేరు ఎక్కడా రాకుండా చూశాం సార్” అన్నాడు. ధన్యవాదాలు చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అలవాటు అంత చెడ్డది.

మార్చి 30, సోమవారం

మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. కాగితాలన్నీ చింపేశారు. నేను రావడం చూసి రెండు తలుపులు మూసుకున్నాయి. రెండు వందల పద్నాలుగు ముందు ఆ ఇస్త్రీ బల్ల దగ్గర ఒక ముసలాయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆమె మామగారు. నా వయసే ఉంటుంది.

“మీ కోడలి పేరు కావాలి” అన్నాను.

“మొన్న మీకు సాయం చేసింది. పేరు తెలీదా?”

“అడగలేదు.”

తల ఊపాడు, అంతేలే అన్నట్టు. ఎందుకు కావాలో చెప్పాను. మొత్తం చెప్పాను. ఆ రోజు సభలో నేను ఆగకపోవడం, ఆగానని కోర్టుకు రాసివ్వడం, లాయరమ్మ సొరుగులో ఉన్న కాగితం, ఆమె పేరు మీద పిటిషన్ వేస్తే చట్టమే పోయి అందరూ బయటికొస్తారన్నది. ఆయన పెట్టె ఆపలేదు. కాలరు అయింది, రెండు చేతులూ అయ్యాయి.

“మొదట ఈ గోడలకు అంటించిన మాస్టారు మీ మేనల్లుడట కదా?”

“అవును.”

“మీరు ఆగలేదని ఆయనకు తెలుసా?”

“తెలీదు.”

పెట్టె నిలబెట్టాడు.

“సొంత మేనల్లుడికి చెప్పలేని మాట రేపు జడ్జి ముందు చెప్తారని నేనెలా నమ్మేదండీ? ఒకసారి కోర్టుకు ఒకటి రాసిచ్చారు. ఇప్పుడు ఇంకోటి రాసిచ్చారు. అక్కడికెళ్ళాక మళ్ళీ మాట మారిస్తే మా అమ్మాయి గతేంటి? పిటిషన్ వేసిందన్న పేరు కూడా మీద పడుతుంది. వద్దు. ముందు ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మొహం చూసి చెప్పి రండి. అప్పుడు పేరు చెప్తాను.”

“జైల్లో కలవనిచ్చేది బుధవారాలే.”

“అయితే బుధవారమే చెప్పండి” అని ఇంకో చొక్కా తీసి బల్ల మీద పరిచాడు.

ఇంటికొచ్చి అక్కయ్యకు ఫోన్ చేశాను. బుధవారం నేనూ వస్తానన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను.

“రావద్దురా” అంది. “నీకు దండం పెడతాను. వాడు బయటికి రాకపోయినా ఫర్వాలేదు. వాడి దగ్గర ఆ ఒక్కటీ ఉండనీ.”

ఈ నెల మొదట్లో ఆమె నిజం చెప్పమంది, వినలేదు. ఇప్పుడు చెప్పవద్దంటోంది. ఇప్పుడు కూడా వినను. బుధవారం వెళ్తాను.